బానపొట్ట ఆఖరి లోడు

ఆ వీధిలో ఎవరి నోట్లోనైనా పళ్ళు మరీ పద్ధతిగా కనిపించాయంటే అవి పళ్ళ పిన్ని చేతివని అర్థం. దేవుడిచ్చిన పళ్ళు అంత వరసగా ఉండవు. డాక్టర్లు కొలతలు తీసి పంపితే కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెది కిటికీ పక్క బల్ల. మైనంతో చిగుళ్ళు మలుస్తుంది, అచ్చు పోస్తుంది, ఒక్కో పన్నూ నిలబెట్టి నున్నగా రుద్ది, మనిషి వయసుకు తగ్గ ఛాయ కూడా వేస్తుంది. ముసలాయనకి పాలలాంటి తెల్ల పళ్ళు పెడితే నోరు తెరిచినప్పుడల్లా అబద్ధమాడినట్టుంటుందని ఆమె అభిప్రాయం. పళ్ళ పిన్ని అన్నది వీధిలో పిల్లలు పెట్టిన పేరు. పెద్దవాళ్ళకీ అదే అలవాటైపోయింది, ఆమెకీ అలవాటైపోయింది.

అది కడుపు నింపే పని. మనసు నింపే పని ఇంకొకటుంది. సాయంత్రం ల్యాబు నుంచి రాగానే మేడ మీది గదిలోకి వెళ్ళి, భూతద్దం బిగించిన దీపం వెలిగించి, విమానాలు కట్టుకుంటుంది. అంటే పెట్టెలో ముక్కలుగా వచ్చే ప్లాస్టిక్ విమానాలు. అసలు విమానాన్ని అచ్చుగుద్దినట్టు, మహా అయితే మోచేతి పొడుగున ఉండేవి. ఆ గదిలో బట్టల క్లిప్పులకి రెక్కలు ఆరుతుంటాయి. రంగు సీసాల మూతల మీద లోపలి రంగు చుక్క పెట్టి ఉంటుంది. ల్యాబులో అరిగిపోయాయని పక్కన పడేసిన పనిముట్లన్నీ అక్కడ రెండో ఉద్యోగం చేస్తుంటాయి.

పెట్టె కొనడం, జిగురు పూయడం, అంతే కదా అని ఎవరైనా అంటే వాళ్ళని ఒక్క సాయంత్రం ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. పెట్టె మీద బొమ్మకి మోసపోనివాడు లేడు. బొమ్మలో విమానం మబ్బుల మధ్య గిరికీలు కొడుతుంటుంది. మూత తీస్తే ఎడమ సగం కుడి సగం కంటే పొడుగు, రెక్క వంకర, అద్దాలు మసక. కాగితం మీద సూచనలు రాసిన మహానుభావుడు ఆ కిట్టుని జన్మలో కట్టి ఉండడు. మంచి కిట్టుని ఎవరైనా అతికిస్తారు. పిన్నికి మొండి కిట్లంటేనే ఇష్టం. పొడుగు తగ్గించి, వంకర తీసి, ఉండాల్సిన చోట లేని తలుపు కోసి, ఉండకూడని చోట ఉన్న గీత పూడ్చి, దాన్ని దారికి తెస్తుంది. అసలు విమానం ఎలా ఉంటుందో అలా వచ్చేదాకా వదలదు. ఒకసారి ఒకే ముక్కుని మూడు మాట్లు కోసి మళ్ళీ అతికించింది.

ఈ పిచ్చి ఎప్పుడు పట్టుకుందంటే, ల్యాబుకి వెళ్ళే దారిలో గడియారాలు బాగుచేసే ఒకాయన కొట్టు ఉంది. ఆయన కొట్టు అద్దం వెనక, ఆగిపోయిన గడియారాల మధ్య, ఒంటిరెక్క విమానమొకటి చాలాకాలం పడి ఉండేది. పిన్ని అప్పుడు కొత్తగా పనిలో చేరిన పిల్ల. ఉండబట్టలేక ఒకరోజు లోపలికి వెళ్ళి రెండో రెక్క ఏమైందని అడిగింది. ఎంత చేసినా సందు పూడటం లేదు, విసుగొచ్చి వదిలేశానన్నాడాయన. ఇలా ఇవ్వండని పట్టుకుపోయి, చిగుళ్ళకి వాడే పొడి, ద్రావకం కలిపి సందు నింపి, రుద్ది, తెచ్చి ఆయన ముందు పెట్టింది. కంటికి పెట్టుకునే అద్దంతో వెతికినా ఆయనకి అతుకెక్కడో దొరకలేదు. అప్పటినుంచి ఈ విషయంలో గడియారాలాయన పిన్నికి సగం గురువు, సగం శిష్యుడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పిన్ని రచ్చ గెలిచింది. మోడళ్ళు కట్టేవాళ్ళు ఏటా పెట్టుకునే ప్రదర్శనలో ఆమె బల్ల ముందు జనం మోకాళ్ళ మీద వంగి, ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. ఇంట్లో మాత్రం గెలవలేదు. ఎందుకంటే ఇంట్లో ఉన్నది అక్క.

అక్క, బావ కింది వాటాలో ఉంటారు. ఊరి చివర చిన్న విమానాశ్రయంలో సరుకుల షెడ్డు అక్క రాజ్యం. ఏ పెట్టె విమానంలో ఎక్కడ పెట్టాలో చెప్పడం ఆమె ఉద్యోగం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కాని బరువు వెనక్కి పోతే తోక దిగబడుతుంది, మరీ ముందుకి పోతే ముక్కు లేవదు. ఆ రెంటికీ మధ్య కాస్తంత చోటుంటుంది, మొత్తం బరువు అక్కడ నిలవాలి. దాన్ని అక్కడ నిలిపే మనిషి అక్క. కొండల అవతలి ఊళ్ళకి మందులు, పేపర్లు, కోడిపిల్లలు మోసే రెండింజన్ల పాత విమానం ఒకటుండేది. పొట్ట లావు, కాళ్ళు పొట్టి. హమాలీలు దానికి బానపొట్ట అని పేరు పెట్టారు. అక్క ఉద్యోగమంతా దాదాపు ఆ బానపొట్ట కడుపు నింపడంలోనే గడిచింది.

అసలు విమానంతో కాపరం చేసే మనిషికి బొమ్మ విమానం ఏం ఆనుతుంది? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు. నీళ్ళ ట్యాంకు నిండిందో లేదో చూడటానికి మేడెక్కినప్పుడు గది గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి, “ఎగరవు కదే,” అని దిగిపోయేది. ఆ మాటలో వెటకారం కూడా ఉండేది కాదు. పిన్నికి అదే మరీ మంట. వెటకారమైతే తిరిగి ఒకటి అనొచ్చు.

ఇలా ఉండగా బానపొట్టకి వయసు మళ్ళిందని, ఇక దాన్ని తప్పిస్తారని కబురొచ్చింది. అదే నెలలో అక్క ఉద్యోగ విరమణ కూడా. షెడ్డు మేనేజరు మంచివాడు. బానపొట్ట గుర్తుగా షెడ్డు ముందు గదిలో అద్దాల పెట్టె చేయించి, అందులో ఒక మోడల్ పెడదామనుకున్నాడు. రెడీమేడ్‌గా అమ్మే కంపెనీ బొమ్మని ఫోనులో అందరికీ చూపించాడు. అది వేరే విమానం, దీని రంగులు పూసిందంతే. హమాలీలు బాగుందన్నారు. అక్క బాగుందనలేదు.

ఏమందో ఆమె ఇంటికొచ్చి పిన్నికి చెప్పలేదు. బావకి చెప్పింది. బావ నోట్లో పిన్ని చేసిన పళ్ళు ఇన్నేళ్ళుగా నిలిచాయి గాని నువ్వుగింజ మాత్రం నానదు. టీ గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వచ్చేశాడు.

“మరదలా, మీ అక్క ఇవాళ షెడ్డులో ఏమందో తెలుసా? ‘అది మా బానపొట్ట కాదు సార్. బయట కొనొద్దు, మా చెల్లి చేస్తుంది. అది చేస్తే ఎలా ఉంటుందో మీరే చూద్దురు గాని’ అందిట. అందరి ముందూ.”

పిన్ని చేతిలో ఉప్పు కాగితం ఆగిపోయింది. అక్క అందా అని రెండుసార్లు అడిగింది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆ గుమ్మం దాటి లోపలికి రాని మనిషి, తన ఉద్యోగం చివరి రోజున పదిమంది ముందు పెట్టబోయే వస్తువుకి తన మాట పూచీ పెట్టింది. పిన్నికి పట్టరాని సంతోషం వేసింది. వెంటనే భయం కూడా వేసింది. ఇప్పుడిది చెడితే చెడేది విమానమొక్కటే కాదు. అక్క మాట పోతుంది.

ఆ వారం సెలవు పెట్టి, అక్క వెంట షెడ్డుకి వెళ్ళింది. బానపొట్టని దగ్గరగా చూడటానికే వెళ్ళింది గాని, అక్కని చూస్తూ ఉండిపోయింది. ఇంట్లో గ్యాసు మీద పాలు మరిచిపోయే అక్కేనా ఈవిడ అనిపించింది. బండ్ల మీద పెట్టెలు వస్తుంటే, అక్క నోరెత్తకుండా చెయ్యి ఊపుతుంది. ఆ చెయ్యి ఎటు ఊగితే పెట్టె అటు పోతుంది. తనకంటే రెండింతలున్న మనుషులు, “ఇక్కడా అక్కగారూ?” అని అడిగి మరీ దింపుతున్నారు. అంతా అయ్యాక అక్క విమానం ముందుకి నడిచి, వంగి, ముక్కు కింది చక్రాన్ని చూసింది. ఆ చక్రం కాడ ఎంత అణిగిందో చూస్తే లోపల బరువు ఎలా కూర్చుందో ఆమెకి తెలిసిపోతుంది. అప్పుడు తల ఊపింది. తలుపులు మూశారు. మా అక్క అని ఎవరికైనా చెప్పాలనిపించింది పిన్నికి, కాని అక్కడున్న అందరికీ ఆ సంగతి ముందే తెలుసు.

తరవాత విమానం చుట్టూ తిరిగి, ఫోటోలు తీసి, సొట్టల్ని చేత్తో తడిమి చూసుకుంది. వెనక తలుపు పక్కన, ఎప్పుడో బండి గుద్దినచోట, రంగు కలవని రేకు అతుకొకటి ఉంది. దాని మేకుల వరస కూడా కొంచెం వంకర. పిన్ని దానిముందు చాలాసేపు నిలబడింది.

ఆ విమానానికి కిట్టు ఒక్కటే దొరుకుతుంది. ఎక్కడో ఒక చిన్న కార్ఖానాలో కాసినే పోసి అమ్మారు. కొన్నవాళ్ళలో కట్టినవాళ్ళు తక్కువ, తిట్టినవాళ్ళు ఎక్కువ. గడియారాలాయన పెట్టె మూత తీసి చూసి, మళ్ళీ మెల్లగా మూసేసి, దీని జోలికి పోవద్దన్నాడు. పోక తప్పదని పిన్ని చెప్పింది. బాడీ రెండు సగాలూ ఎదురెదురు పెడితే అలిగిన ఆలుమగల్లా చెరో వైపు తిరిగి ఉన్నాయి. ముక్కు ఎలక ముక్కులా సన్నం. పొట్ట పలక. తలుపుల స్థానంలో గీతలు. లోపల శూన్యం.

పొట్టని నాలుగు వైపులా చీల్చి, మధ్యలో బద్దలు పెట్టి ఉబ్బించింది. ముక్కుని రంపంతో తీసేసి, కట్టుడు పళ్ళకి వాడే గులాబిరంగు అక్రిలిక్‌తో కొత్తది పోసి, ఫోటోలు పక్కన పెట్టుకుని చెక్కింది. రంగు వెయ్యకముందు చూసి, విమానానికి కట్టుడు ముక్కు పెట్టారే అని గడియారాలాయన ఒకటే నవ్వు. వెనక తలుపు కోసి తెరిచింది. లోపల ముందు గోడ దాకా నేల పరిచి, పెట్టెలు దొర్లించే గొట్టాల వరసల్ని స్టీలు తీగ ముక్కలతో పేర్చింది. సరుకుని కట్టే వలలు పాత మేజోళ్ళ నుంచి వచ్చాయి. అవి బావ మేజోళ్ళని బావకి ఇప్పటికీ తెలీదు.

ఇలాంటి మూడు చక్రాల విమానానికి ఒక ఆనవాయితీ ఉంది. బాడీ మూసేముందే ముక్కులో సీసం గుళ్ళు నింపాలి. లేకపోతే కట్టడమంతా అయ్యాక విమానం ముక్కు పైకెత్తి తోక మీద కూర్చుంటుంది. మోడళ్ళు కట్టేవాళ్ళందరూ కనీసం ఒకసారి చేసే తప్పు ఇది, చేసి ఒకరికొకరు చెప్పుకోని తప్పు. పిన్ని కొత్త మనిషి కాదు. కాగితంలో చెప్పినంత సీసం పోసి, ఎందుకైనా మంచిదని పైన మరి కాస్త పోసి, అప్పుడే మూసింది. మూశాక అతుకు మాయం చేసింది. అక్క వచ్చి చూడలేదు. అయ్యేదాకా చూడనని బావ ద్వారా కబురంపింది. అక్కాచెల్లెళ్ళు ఒకే కప్పు కింద ఉండి రాయబారాలు నడుపుతుంటే, తన మోకాళ్ళు అరుగుతున్నాయని బావ గోల.

బాడీ మూసిన తరవాత పిన్నికి ఇంకో ఆలోచన వచ్చింది. అసలు గొడవంతా అక్కడే మొదలైంది. తలుపు తెరిచి ఉండి లోపల ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది? సరుకు చెయ్యాలి. ల్యాబులో పళ్ళ అచ్చులు పోసే సుద్ద ఉంటుంది, ఆరితే రాయే. దానితో చిన్న చిన్న పెట్టెలు పోసింది. వాటికి చెక్క గీతలు గీసి, మందుల డబ్బాలకి గుర్తులు, పేపర్ల కట్టలకి తాళ్ళు, కోడిపిల్లల పెట్టెలకి గాలి కన్నాలు పెట్టింది. కన్నాలు పొడవటానికే ఒక ఆదివారం పట్టింది. ఆమె చేతుల మీదుగా అంతకంటే ముచ్చటైన పని మరొకటి జరగలేదు. ఆ పెట్టెల్ని తలుపులోంచి లోపలికి పంపి, చూసేవాళ్ళ కంటికి నిండుగా కనిపించేలా తలుపు దగ్గరే పేర్చి, తెల్ల జిగురుతో నిలిపింది.

రంగులు వేసింది. ఆ రంగు కలవని అతుకుని అంతే కలవకుండా, వంకర మేకులతో సహా వేసింది. ఈలోగా అసలు బానపొట్ట ఖాళీగా ఎగిరిపోయింది, మళ్ళీ రాకుండా. చక్రాలు విరుగుతాయని అందరూ చివర్లోనే బిగిస్తారు. పిన్నీ అలాగే చివర్లో బిగించి, జిగురు ఆరనిచ్చి, గాజు పలక మీద విమానాన్ని నిలబెట్టి చెయ్యి తీసింది.

ముక్కు మెల్లగా పైకి లేచింది. విమానం తోక మీద చతికిలబడింది.

పిన్ని మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ కూర్చుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు లెక్క వేసుకుంది. కాగితంలోని సీసం లెక్క బోలు పొట్టకి, తను పరిచిన స్టీలు గొట్టాలకే అది చాలలేదు. పైగా సీసం పోసిన రోజుకి ఆ పెట్టెల ఆలోచనే లేదు. బాడీ మూశాక తోకలో రాళ్ళు పెట్టింది తనే.

గడియారాలాయన దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆయన ఓదార్చాడు. చక్రాల్ని కింద పలకకి జిగురుతో అతికించెయ్యండి, అద్దాల పెట్టెలో ఉండేదాన్ని ఎవడు ఎత్తి చూస్తాడు, ఎంతమంది చెయ్యలేదు అన్నాడు. అదీ ఇష్టం లేకపోతే తోక కింద గాజు పుల్ల ఒకటి నిలబెట్టమన్నాడు. రెండూ తప్పేం కాదు. కాని చూసేవాళ్ళలో అక్క ఉంటుంది, అక్క కళ్ళు ముందు ముక్కు చక్రం మీదికి పోతాయి. బరువు నిలపడమే బతుకుగా బతికిన మనిషికి, ఆమె చివరి రోజున, నిలబడలేని విమానాన్ని జిగురుతో కట్టేసి ఇవ్వాలా? పోనీ ముక్కు కోసి సీసం నింపుదామంటే, రంగులన్నీ అయిపోయిన ఆ ముక్కుని మళ్ళీ అంత బాగా తేవడానికి వ్యవధి లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని విమానాన్ని గాజు పలకతో సహా ట్రేలో పెట్టుకుని, ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగి, అక్క వాళ్ళ భోజనాల బల్ల మీద పెట్టింది. తోక మీద కూర్చుని ఆకాశంలోకి చూస్తున్న విమానాన్ని చూసి బావ ఏదో అనబోయాడు. మరదలి మొహం చూసి, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

“నీ మాట పోగొట్టానక్కా,” అంది పిన్ని. “చూడు, నిలబడటం లేదు.”

అక్క నవ్వలేదు. కళ్ళజోడు వెతికి పెట్టుకుని కుర్చీ లాక్కుంది. ఒక్క వేలితో ముక్కు తడిమింది, పొట్ట తడిమింది. వెనక తలుపు పక్కకి వచ్చేసరికి వేలు ఆగింది.

“ఈ అతుకు కూడా వేశావే,” అంది.

తరవాత వెంటనే పనిలోకి దిగింది. రెండు రెక్కల కింద రెండు చూపుడు వేళ్ళు పెట్టి విమానాన్ని ఎత్తింది. వేళ్ళు ముందుకి, వెనక్కి జరిపి, ఎక్కడ తూగుతుందో పట్టుకుంది. ముక్కులో ఏముందని, ఎప్పుడు పోశావని, తరవాత ఏమేం పెట్టావని ఒక్కొక్కటే అడిగింది. పిన్ని చెప్పింది. అక్క ఫోను లైటు వేసి తలుపులోంచి లోపలికి చూసింది.

“బరువంతా గుమ్మంలోనే దింపేసి పోయారేమే మీ హమాలీలు?”

“లోపలికి తోస్తే కనిపించవక్కా. వాటి కోసమే కదా అంత కష్టపడ్డాను.”

“చూసేవాళ్ళ కోసం పెట్టావు. విమానానికి చూపులేం తెలుస్తాయే? దానికి తెలిసింది బరువొక్కటే.” అక్క కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “ముక్కు కొయ్యక్కర్లేదు, ఏమీ కొయ్యక్కర్లేదు. లోడు ముందుకి జరుపు.”

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వెళ్ళింది పిన్ని. తేలిక పడాల్సింది, కాని వెంటనే పడలేదు. ఆ పెట్టెలు ముందుకి పోతే చీకట్లోకి పోతాయి. ఆ గీతలు, ఆ తాళ్ళు, ఆ గుర్తులు ఇక ఎవరూ చూడరు. ఎవరైనా మెచ్చుకుంటే ముందుగా మెచ్చుకునేవి అవే అనుకుంది. అక్క తొందరపెట్టలేదు. తరవాత పిన్ని మేడ మీదికి వెళ్ళి సన్న కుంచె, గ్లాసుతో నీళ్ళు, ల్యాబులో వాడే పొడవాటి పట్టకారు తెచ్చుకుంది.

తెల్ల జిగురు నీళ్ళకి కరుగుతుంది, అదొక్కటే అదృష్టం. తడి కుంచెతో ఒక్కో పెట్టెనీ విడదీసి బల్ల మీద పెట్టింది. అక్క వాటిని అరచేతిలో పెట్టుకుని, కళ్ళజోడు పైకి తోసి, మళ్ళీ కిందికి లాగి, అన్నీ చూసింది. తాళ్ళ ముళ్ళతో సహా చూసింది. ప్రపంచంలో ఎవరు చూడకపోయినా అక్క చూసింది కదా అనుకుంది పిన్ని, అప్పుడు మనసు కుదుటపడింది.

అక్క కోడిపిల్లల పెట్టె చేతిలో పెట్టి తూచి, నొసలు చిట్లించింది. కోడిపిల్లలకి రాయి బరువేమిటని అడిగింది. అవి అట్ట పెట్టెలు, ఎప్పుడూ చివరే ఎక్కించాలి, తలుపు దగ్గరే ఉండాలి, వాటికి గాలి కావాలి అంది. ఇంకేముంది, పిన్ని అక్కడికక్కడే కాగితం మడిచి బోలు పెట్టెలు చేసి, మళ్ళీ కన్నాలు పొడిచింది. ఈసారి అవి ముందు చేసినవాటికంటే బాగా వచ్చాయి. తలుపు దగ్గర చూడటానికి అవి మిగిలాయి.

మిగతావి లోడు చెయ్యడం మొదలుపెట్టారు. పిన్ని పట్టకారుతో పట్టుకుంటుంది. అక్క బల్లకి అవతల నిలబడి, షెడ్డులో ఊపినట్టే చెయ్యి ఊపుతుంది.

“పేపర్లు ముందు. గోడకి ఆనించు. ఇంకా. ఇంకొంచెం. ఆఁ. మందులు వాటి పక్కన. ఆ పెద్దది కుడివైపు వద్దు, మధ్యలో.”

పిన్ని చెప్పినచోటల్లా పెట్టింది. పళ్ళ ల్యాబులో ఎవరి మాటా వినని చెయ్యి అది. బావ తెచ్చిన టీలు చల్లారిపోయాయి. సగం పెట్టెలు లోపలికి వెళ్ళేసరికి విమానం కొంచెం ఊగింది. మరో పెట్టె పెట్టగానే ముక్కు వంగి, చక్రం గాజు పలకని తాకి, చిన్న చప్పుడు చేసింది. ఇద్దరూ కదల్లేదు. అది మళ్ళీ లేస్తుందేమో అని చూశారు. లేవలేదు. మిగిలినవి కూడా పెట్టి, వలలు బిగించి, జిగురు చుక్కలు వేశారు.

అక్క బల్ల అంచుకి చుబుకం ఆనించి, కంటి ఎత్తున ముక్కు చక్రాన్ని చూసింది. బానపొట్ట ఖాళీగా వెళ్ళిపోయిన రోజు కూడా అలవాటు కొద్దీ ఇలాగే వంగి చూశానని, చూడ్డానికి ఏమీ లేకపోయిందని అప్పుడు చెప్పింది. చెప్పి, తల ఊపింది. ఆ తల ఊపడం కోసం ఆ షెడ్డులో పైలట్లు కాచుకుని ఉండేవాళ్ళు. ఇన్నేళ్ళకి అది పిన్ని విమానానికి దక్కింది. పిన్ని ఏడ్చింది, ఏడుస్తూనే, బల్ల కదపొద్దని బావ మీద కేకలేసింది.

చివరి రోజు షెడ్డులో బండ్లన్నీ ఒక పక్కకి తోసి కుర్చీలు వేశారు. అద్దాల పెట్టెలో, జిగురు లేకుండా, పుల్ల లేకుండా, మూడు చక్రాల మీద నిలబడి ఉంది బానపొట్ట. జనం వంగి చూశారు. అతుకు రేకుని చూపించి ఒకరికొకరు చెప్పుకున్నారు, ఆ బండి గుద్దినవాడు సిగ్గుపడుతూ వెనక్కి నక్కాడు. మేనేజరు మురిసిపోయి, తలుపులోంచి చూసి, లోపల కోడిపిల్లలు తప్ప ఏమీ కనబడటం లేదు, ఖాళీయేనా అని పిన్నిని అడిగాడు.

ముసలి హమాలీ ఒకాయన ముందుకొచ్చి, మోకాలి మీద కూర్చుని, ఫోను లైటు వేసి లోపలికి చూశాడు. చూసి చూసి, అక్క వైపు తిరిగాడు.

“ఖాళీ ఏంటి సార్, నిండా ఉంది. పేపర్లు గోడకి, మందులు పక్కన, పిల్లలు గుమ్మంలో. ఇది అక్కగారి లోడే.”

షెడ్డు మొత్తం అక్క వైపు చూసింది. అక్క పూలగుత్తి ఎవరి చేతిలోనో పెట్టి, పిన్ని భుజం పట్టుకుని ముందుకి లాగింది.

“లోడు నాదే,” అంది. “విమానం మా చెల్లిది.”

ఇంజన్లు తిరుగుతున్నప్పుడు హమాలీలని పిలిచే గొంతుతో అంది ఆ మాట. షెడ్డు అవతలి కొసన టీలు పోస్తున్నవాడికి కూడా వినబడింది.